చాలు అనని చెయ్యి

మోంతెవిదేయో,
జూలై 18, 1993.

ప్రియమైన ఇర్మక్కకు,

నీ చెల్లెలు జుల్మా బోలెడు ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ నా పిల్లీ క్షేమం. తకువారెంబోలో నువ్వూ, నీ కోళ్లూ, నీ కుట్టు మిషనూ క్షేమమని తలుస్తాను. నీ మోకాలు మాత్రం క్షేమంగా లేదని నీ ఉత్తరంలో మొదటి పేజీ అంతా చెప్పింది.

పాల మిఠాయి సీసా బస్సు డ్రైవరు భద్రంగానే అందించాడు. మూత తీస్తే పైన వేలితో గీరిన గుర్తు కనబడింది. డ్రైవరును అనుమానించడం పాపం, నీదే అయి ఉంటుంది.

తైలం ఎంత రాసినా గుణం లేదన్నావు. ఉండదు. నీకు కావలసింది నడక. పడిపోయినవాళ్లను మళ్లీ నడిపించడమే నా ఉద్యోగం, సొంత అక్కను చర్చి దాకా నడిపించలేకపోతున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇంట ఓడాను.

నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు. మా ఆసుపత్రిలో నాకిస్తామన్న డైరెక్టరు కుర్చీ సంగతి ఏమైందని ఒకటి. “ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్లందరినీ జీవితం తృప్తిగా ఉందా అని అడుగుతున్నావు, పెళ్లీ పెటాకులూ లేనిదానివి, నీ సంగతేమిటే?” అని రెండోది. రెండింటికీ జవాబు చెబుతాను. ముందు నా దగ్గర వైద్యం చేయించుకున్న పెద్దాయన, డాన్ కాసిమిరో కథ విను. మాట దాటేస్తున్నానని అనుకోకు. కొంచెం దాటేస్తున్నాను కూడా.

డాన్ కాసిమిరోది సెర్రో పేట. వారమంతా ఉన్ని గోదాములో పని, ఆదివారం పేట జట్ల ఫుట్‌బాల్ ఆటలకు రిఫరీ. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. మాటలన్నీ పోయి ధన్యవాదం ఒక్కటే మిగిలింది: గ్రాసియాస్. ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే. ఏళ్ల తరబడి మైదానంలో తల్లినీ తాతనూ తిట్టించుకున్న మనిషి నోట ఆఖరికి కృతజ్ఞత ఒక్కటే మిగిలిందంటే, దేవుడికి హాస్యం బాగానే తెలుసు.

మా ఆసుపత్రిలోనే ఆయనకు కర్రతో నడక నేర్పాం. సొంతంగా చొక్కా తొడుక్కుని ఇంటికి వెళ్లాడు. నా కాగితాల ప్రకారం అది ఘనవిజయమే. కొన్ని నెలలు ఆగి, అలవాటు ప్రకారం నా అట్ట పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆ అట్ట నీకు తెలిసిందే, ఒకటి అంటే అస్సలు తృప్తి లేదని, ఆరు అంటే పూర్తి తృప్తి అని. మాట రానివాళ్లు వేలు పెట్టి చూపిస్తారు. ఆరోగ్యం గురించి అడిగితే ఒకటి మీద వేలు పెట్టాడు. ఇంట్లోవాళ్ల గురించి అడిగితే ఒకటి. మొత్తం జీవితం అంటే అట్ట చిరిగేలా ఒకటి మీద పొడిచాడు.

“చూశారా డాక్టరమ్మా!” అంది కూతురు నెలిదా, కళ్లు తుడుచుకుంటూ. “ఇంట్లో ఆయనకేం తక్కువ చేశామండీ? వచ్చే నెల వృద్ధాశ్రమంలో చేర్చడానికి మాట్లాడేశాం. నాకేమన్నా సరదానా? మాతే కషాయం కూడా వద్దంటున్నాడు! మాతో కూర్చుని మాతే తాగడం కూడా ఇష్టం లేనివాణ్ణి ఎలా ఉంచుకోను?”

మనవాళ్లు తిండి మానేస్తే డాక్టరును పిలుస్తాం, మాతే మానేస్తే పాదిరీని పిలుస్తాం.

అంకెలు రాసుకుని బయల్దేరవలసినదాన్నే. కానీ బయట వాన. వాన పడిందంటే ప్రతి ఇంట్లోనూ రొట్టెలు వేయించాల్సిందే కదా, వంటింట్లో నూనె కాగుతోంది. నా ఆశబుద్ధి నీకు తెలుసు. కూర్చున్నాను.

నెలిదా వేడినీళ్ల ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, ఎండు సొరకాయ బుర్రలో మాతే ఆకు మీద నీళ్లు పోసి, ఒక్కొక్కరికీ వంతులవారీగా ఇవ్వసాగింది. మొదటి బుర్ర తండ్రికే ఇచ్చింది. ఆయన గొట్టం గుర్రుమనేదాకా పీల్చి, బుర్ర తిరిగి ఇచ్చి, “గ్రాసియాస్” అన్నాడు.

“అదిగో, విన్నారా? ఒక్కటి తాగి చాలంటాడు. ఇది రోజూ ఉండే భాగోతమే,” అని బుర్ర మళ్లీ నింపి నాకిచ్చింది.

బుర్ర తిరిగి ఇస్తూ గ్రాసియాస్ అన్నామంటే ఇక చాలని కదా మన లెక్క. పసిపిల్లలకైనా తెలుసు. నేనూ అదే అనుకుని తాగుతున్నాను. రెండో చుట్టులో ఫ్లాస్కు ఆయన ముందు నుంచి దాటిపోయింది. డాన్ కాసిమిరో ఎడమ చెయ్యి పైకి లేచింది, ఆట ఆపే రిఫరీలా.

“సరే నాన్నా, వద్దులే, బలవంతం చెయ్యను,” అంది నెలిదా.

నేను బతుకంతా చేతులనే చూస్తూ వచ్చినదాన్ని అక్కా. చాలు అనే చేతికి వేళ్లు తిన్నగా చాపి ఉంటాయి. ఆయన వేళ్లు వంగి ఉన్నాయి, గుండ్రంగా, సరిగ్గా బుర్ర పట్టేంత. అప్పుడు వెలిగింది నా బుర్ర. ఆయన దగ్గర ఉన్నదే ఒక్క మాట. ఇంకోటి పొయ్యవే అనడానికి కూడా అదే వస్తుంది!

పరాయి ఇంట్లో పోసేవాళ్ల చేతిలోంచి ఫ్లాస్కు లాక్కోవడం ఎంత తప్పో నువ్వు చెప్పనక్కర్లేదు. లాక్కున్నాను. పోసి ఇచ్చాను. తాగి, “గ్రాసియాస్” అన్నాడు. మళ్లీ పోశాను. మళ్లీ గ్రాసియాస్. నెలిదా చూస్తూ చూస్తూ నేల మీద కూలబడింది.

“అయ్యో నాన్నా! ఇన్నాళ్లూ అడుగుతూనే ఉన్నావా? మరి బల్ల గుద్దేది అందుకేనా?”

“గ్రాసియాస్!” అని అరిచాడాయన. దాని అర్థం మాత్రం నేను ఉత్తరంలో రాయలేను.

ఫ్లాస్కు ఖాళీ అయ్యాక మళ్లీ అట్ట పెట్టాను. ఆరోగ్యానికి అదే ఒకటి. ఇంట్లోవాళ్ల గురించి అడిగితే కూతురి వైపు చూసి, కాసేపు బెట్టు చేసి, ఐదు మీద వేలు పెట్టాడు. ఆశ్రమానికి వద్దని ఆ సాయంత్రమే చెప్పేశారు. ఇప్పుడు ఆ ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. డాన్ కాసిమిరోకు చాలనిపిస్తే జేబులోంచి పసుపు కార్డు తీసి చూపిస్తాడు. అది తీసేదాకా పొయ్యాల్సిందే.

ఇక నీ మొదటి ప్రశ్న. సోమవారం డీన్ గారు పిలిచి, తానే మాతే పోసి ఇచ్చి, “కుర్చీ నీదే జుల్మా. ఇక వానలో కొండలెక్కి ఇల్లిల్లూ తిరిగే బాధ తప్పింది నీకు,” అన్నారు. తాగి, బుర్ర తిరిగి ఇచ్చి, గ్రాసియాస్ అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. “మాతేకా, కుర్చీకా?”

“కుర్చీకి. మాతే ఇంకోటి పొయ్యండి.”

తిట్టు అక్కా, తిట్టు. నువ్వు కొత్త కోటు కుట్టుకున్నావనీ, జుట్టు కత్తిరించే దుకాణంలో కూర్చుని ఊరంతా చాటావనీ నాకు తెలుసు. ఈ మాట రాయడానికే ఇన్ని పేజీలు తిరిగాను. కానీ ఆ కుర్చీలో కూర్చుంటే ఆయన వేళ్లు నాకు కనిపించి ఉండేవా? నడక నేర్పి పంపేశాక, ఇళ్లలో వాళ్లు ఎలా బతుకుతున్నారో కూర్చుని చూడాలి. నా మిగిలిన పరిశోధన అదే. కుర్రడాక్టర్లు “మేడమ్ మాతే తాగడానికి జీతం తీసుకుంటున్నారు” అని నవ్వుతున్నారు. నవ్వనీ.

రెండో ప్రశ్నకు నిన్న నా అట్ట నా ముందే పెట్టుకున్నాను. ఆరోగ్యానికి నాలుగు. పెళ్లీ పెటాకులకు మూడు, పెళ్లాడతానని చెప్పి మాయమైన ఆ రొడోల్ఫో గుర్తొచ్చిన రోజున రెండు. పనికి ఆరు. మొత్తం జీవితం దగ్గర చాలాసేపు ఆగాను గానీ, ఆగింది దిగులుతో కాదు. నాకు సంతోషంగా ఉందక్కా. ఈ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నువ్వే అడిగావు.

సెప్టెంబరులో ఊరికి వస్తున్నాను. కోటు వేసుకునే బస్సు దగ్గరికి రా, నడిచి రా. ఇంటికెళ్లాక నువ్వే మాతే పొయ్యాలి. ఎంత పోసినా తాగుతాను. పొరపాటున నా నోట గ్రాసియాస్ అని వస్తే నమ్మకు, నా వేళ్లు చూడు.

ఇట్లు,
ఏ కుర్చీ లేని నీ చెల్లెలు,
జుల్మా.