మస్తాన్ గారి ఆవు పిండం

మంగళవారం, రాత్రి

పొద్దున ఇంక్యుబేటర్ తెరిచి చూస్తే మస్తాన్ గారి ఆవు పిండాల్లో ఒక్కటే మిగిలింది. దర్శి దగ్గర ఆ రైతు పెంచుకున్న ఒంగోలు ఆవు, బుజ్జి. దాని అండాలు మా ల్యాబుకి తెచ్చి పిండాలు కట్టించిన నాలుగో రోజే అది పాము కరిచి చచ్చిపోయింది. నా పరిశోధనకైతే ఏడో రోజున పిండానికి రంగు వేసి కణాలు లెక్కపెట్టాలి. రంగు వేస్తే పిండం బతకదు. ఇవాళే ఏడో రోజు.

పదకొండింటికి ఆయనే వచ్చారు. మైక్రోస్కోప్‌లో చూపించాను. చాలాసేపు కన్ను తియ్యలేదు.

"ఇది బతికే ఉందా అమ్మా?"

"ఉందండి."

"మా బుజ్జిదేనా?"

"దానిదేనండి."

దాన్ని బతికించమని మాత్రం అడగలేదు. అడిగుంటే రూల్సు చెప్పి తప్పించుకునేదాన్నేమో.

రంగు వెయ్యకుండా ఇంకో ఆవులో పెడతానని హెడ్ మేడమ్‌కి చెబితే "రేపు నీ పేపర్ ఆగితే నన్ననకు" అంటూనే సంతకం పెట్టారు. మధ్యాహ్నం, ఎదకొచ్చి వారమైన ఫారం ఆవు గర్భంలో దాన్ని పెట్టాం. పేపర్ నిజంగానే ఆగుతుందేమో. ఆగితే ఆగనీ, అని ఇప్పుడు అనుకుంటున్నాను కానీ...

వెళ్తూ వెళ్తూ మస్తాన్ గారు గేటు దగ్గర ఆగారు. "నిలవకపోయినా దాచొద్దమ్మా, ఫోన్ చెయ్యి" అన్నారు. సరేనన్నాను.

ఇలా పెట్టినవి చాలావరకు నిలవవు. ఇన్నేళ్లూ నిలవని పిండానికి నోటుబుక్కులో సున్నా వేసి పేజీ తిప్పేదాన్ని. నిలవలేదన్న మాట ఒక మనిషితో ఎలా చెప్పాలో నాకింకా తెలీదు.