ఫ్లాష్ కొట్టకు

జితేందర్,

హజీరా బస్సు వచ్చే టైమైంది, డ్యూటీకి పోతున్న. లేచినంక చేపల ఫోటోలు తీస్తే ఫ్లాష్ మాత్రం కొట్టకు. మన పసుపు సిక్లిడ్ చేప మళ్ళీ గుడ్లను నోట్లో దాచుకుంది. పోయినసారి నీ ఫ్లాష్‌కు బెదిరి అన్నీ మింగేసింది. హాల్లో లైట్లు ఆర్పి, తొట్టి మీది లైటొక్కటే ఉంచు. ఫోన్ అద్దానికి ఆనించి తియ్యి, కానీ అద్దం తట్టకు. బస్సెక్కినా నా పానం దాని మీదే ఉంటది.

అది మేత ముట్టలేదని నిన్న పొద్దున్నే కనిపెట్టినవ్. రాత్రి నేను తినకుండ పడుకుంటే మాత్రం నీకు తెల్వనే లేదు.

– అలేఖ్య

సాయంత్రం బండి మీది లోచో టిఫిన్ పొట్లం తెచ్చి సరిపెట్టకు. ఇంత అన్నం వండి, ఆ తొట్టి ముందు కూర్చున్నట్టు కాసేపు నా ముందు కూర్చో.