నా టాపిక్, సార్ ఫెలోషిప్

బుధవారం, సత్తెనపల్లి

యూనివర్సిటీ ఇచ్చే మూడు నెలల జర్నలిజం ఫెలోషిప్ మా బ్యూరో చీఫ్ ప్రసాద్ సార్‌కి వచ్చింది. ఆయన పరిశోధించబోయేది మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గు గురించి. అదే ఫెలోషిప్‌కి నన్ను సిఫార్సు చేయమని అడుగుతూ నేను ఆయనకు చూపించిన అంశమే అది!

"అది నా టాపిక్ సార్," అన్నాను అందరి ముందే.

"టాపిక్ ఎవరి సొంతమమ్మా? నీకింకా వయసుంది, వచ్చే ఏడాది పెట్టుకో," అంటూ స్వీటు చేతిలో పెట్టారు. బల్ల మీద పడేసి వచ్చేశాను.

ఆయన వెళ్లేలోపు కనీసం ఆ ఆడవాళ్లకైనా సంగతి చెబుదామని, సాయంత్రం వాళ్లలో ఒకరైన మరియమ్మ ఇంటికి వెళ్లాను.

"అదేంటి పాపా, మీ సారు మొన్నే వచ్చాడుగా! నువ్వే పంపావన్నాడు. అన్నీ చెప్పేశాం," అంది.

నా పేరు చెప్పుకుని ఆ ఇంట్లో టీ కూడా తాగాడట. రేపు ఆ మనిషిని మళ్లీ సార్ అని ఎలా పిలవాలో...