పడుకునే ముందు మాత్ర

నా బుజ్జితల్లికి,

అమ్మ దీవెనలు. మీ నాన్న, నేను, మన రొట్టెల పొయ్యి, ముగ్గురమూ క్షేమం. ఈసారి ఆ మాట అలవాటుకొద్దీ రాయడం లేదు, నిజంగానే క్షేమం. నువ్వు వేళకు తింటున్నావనే నమ్ముతున్నాను. నమ్మకపోతే నాకు నిద్ర పట్టదు మరి.

పిండి కలిపే మరకు కొత్త బెల్టు వేయించాం. పక్క కొట్టు టైలరు మన బన్నులు చిన్నవైపోతున్నాయని ఇంకా అంటూనే ఉన్నాడు. "బన్ను కాదయ్యా, నీ నోరు పెద్దదవుతోంది" అన్నారు మీ నాన్న. ఇక నా ఒంట్లో ఎలా ఉందని అడిగావు. అది కాస్త పెద్ద కథ, తీరిగ్గా కూర్చుని చదువు.

కొలెస్ట్రాల్ ఎక్కువైందని డాక్టరమ్మ మాత్ర రాసింది కదా. కొన్నాళ్లకు తొడలు, భుజాలు ఒకటే నొప్పులు. మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాలి. పిండి ముద్ద ఎత్తబోతే చేతులు నా మాట వినేవి కావు. మా అమ్మకూ ఈ వయసులోనే చేతులు పడిపోయాయి, తల కూడా నేనే దువ్వేదాన్ని. నా వంతు వచ్చిందనుకుని, పైకి చెప్పకుండా పళ్లు బిగబట్టి పని చేశాను. చివరికి ఓ రోజు ట్రే చేతిలోంచి జారిపోయింది. మీ నాన్న చెప్పులేసుకుని నన్ను ఆస్పత్రికి లాక్కెళ్లారు.

"మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు?" అంది డాక్టరమ్మ.

"మీరు చెప్పినట్టే, పడుకునే ముందు. రాత్రంతా రొట్టెలు కాల్చి పొద్దున్నే కదండీ నేను పడుకునేది."

మీ నాన్న గిరుక్కున తిరిగారు. "పొద్దునేమిటే? రోజూ రాత్రి అన్నం తినగానే నేనిస్తున్నానుగా!"

"మీరిచ్చేది బలం మాత్ర కాదూ?"

"బలమూ లేదు, గిలమూ లేదు! రాత్రి వేయాలన్నారని విడిగా కొనుక్కొచ్చి మరీ ఇస్తున్నాను."

డాక్టరమ్మ నవ్వాపుకుని రక్తపరీక్ష రాసింది. ఈ మందు కొందరికి కండరాల నొప్పి తెస్తుందట, మోతాదు పెరిగితే ఆ ముప్పూ పెరుగుతుందట. మూత్రం ముదురు రంగులోకి మారిందా అని గుచ్చి గుచ్చి అడిగింది. అదేం లేదు, మూత్రపిండాలు బాగానే ఉన్నాయి. కొన్ని వారాలు మందు ఆపించింది. చెప్పకుండా వచ్చిన నొప్పులు చెప్పకుండానే పోయాయి.

"ఇక మానేయనా?" అన్నాను ఆశగా.

"అది మీ గుండెకు కాపలా అమ్మా. కాపలావాడు తిక్కగా ఉంటే ఇంకొకణ్ని పెట్టుకుంటాం గానీ, తలుపులు బార్లా తెరిచిపెట్టం కదా" అంది.

ఇప్పుడు వేరే మాత్ర, తక్కువ మోతాదు. ఇచ్చేది మీ నాన్న ఒక్కరే. మళ్లీ నొప్పి వస్తే దాచకుండా చెప్పాలట.

నీ దగ్గర దాచినదీ చెప్పేస్తాను. నా చేతులు సరిగా ఆడటం లేదని విని, "చదువు ఆపి వచ్చేయనా అమ్మా?" అని అడిగావు. జవాబు ఆలస్యమైంది పని వల్ల కాదు. వచ్చెయ్ అని రాయాలనే ఉండింది. రేపు నన్నెవరు లేపుతారు, ఎవరు తినిపిస్తారు అన్న భయంతో నీ చదువు విరిచి నాకు ఊతకర్ర చేసుకోబోయాను. కాగితం ముందు కూర్చుంటే సిగ్గేసి ఆ మాట రాయలేకపోయాను. ఆ సిగ్గు చల్లగా ఉండాలి.

రావద్దు తల్లీ. పరీక్షలు రాసి, సెలవులకు రా. నీతో పనేం చేయించను, గట్టిగా వాటేసుకుంటాను, అంతే. నీ ఎముకలు జాగ్రత్త!

ఇట్లు,
రెండు చేతులా దీవిస్తూ,
అమ్మ