అమ్మకు పేరు లేని కార్డు

సీబ్,
14 ఫిబ్రవరి 2025, శుక్రవారం

నాన్నగారికి వందనాలు.

ఈ ఉదయం చర్చిలో శుక్రవారపు ఆరాధనకు నా బైబిలు తెరిస్తే, నిన్న మీరే పంపారన్నట్టుగా నేను అమ్మకిచ్చిన ప్రేమికుల రోజు కార్డు అందులో కనిపించింది. మీరు మమ్మల్ని వదిలి ఈ దేశంలోనే ఉన్న సూర్ పట్టణానికి వెళ్లినప్పటి నుంచి ఏటా నేనే రాస్తున్నాను. పేరు రాయకుండా పంపడం పాత ఆచారమని చదివాను, అందుకే అబద్ధం కాదనుకున్నాను. ఈసారి "ప్రాణసఖీ" అని మొదలుపెట్టాను.

కార్డు వెనక అమ్మ రాసింది: "మీ నాన్న నన్నెప్పుడూ 'ఏమే' అనే పిలిచాడు తల్లీ. ఇక రాయకు."

ప్రార్థన అయ్యేవరకు అమ్మ నా వైపు చూడలేదు.

వాలెంటైన్ గారు చెరసాలలోంచి కూడా ఉత్తరం రాశారని కథ చెబుతారు. సూర్ అంతకంటే దూరమా నాన్నగారూ?

రేపు ఉదయం సూర్ వస్తున్న ఏసురత్నం అంకుల్‌కి ఈ ఉత్తరంతోపాటు ఒక ఖాళీ కార్డు ఇస్తాను. దాని మీద మీ చేత్తో "ఏమే" అని రాయండి, చాలు.

మీ కూతురు