సగం మోతాదు

ప్రియమైన తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ నేనూ, మీ బావా, పాపా కులాసాగానే ఉన్నాం. చలికి మరదలి దగ్గు తిరగబెట్టిందని రాశావు, ఈపాటికి తగ్గిందనుకుంటాను. ఫోను కూడా పలకని ఆ కొండ మీద ఆసుపత్రికి నిన్ను బదిలీ చేయించిన మనిషిని తిట్టుకోకుండా నాకు ఏ రోజూ తెల్లవారడం లేదు. "పొద్దున్నే కాఫీకి ముందు ఆ తిట్లెందుకే" అంటారు మీ బావ. కాఫీకి రుచి వచ్చేదే వాటితో అంటాను నేను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. అచ్చయిన ఆ వ్యాసంలో ఉన్నది నీ లెక్కేనా అని అడిగావు. అవును. పిల్లల వార్డులో మంచం మంచానికీ తిరిగి నువ్వు రాసుకున్న జ్వరాల లెక్కంతా పెద్ద విదేశీ పత్రికలో వచ్చింది. పైన మన డైరెక్టరు పేరుంది. అదే, నిన్ను కొండెక్కించిన, కాలేజీ అంతా తాళాలాయన అని పిలుచుకునే మహానుభావుడి పేరు. నీ పేరు ఎక్కడైనా ఉందా అని అడిగావు. చిట్టచివర "వార్డు సిబ్బందికి ధన్యవాదాలు" అని ఒక ముక్క ఉంది, అందులో వెతుక్కో. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

కింద ఊరికి దిగి, నెట్ సెంటరులో ఆ వ్యాసం తెరవబోతే డబ్బు కట్టనిదే చదవనివ్వనందని రాశావు. అది చదివి నేను గట్టిగా నవ్వాను, తర్వాత ఏడుపొచ్చింది. నీ చేత్తో రాసిన అంకెలు నువ్వు చూసుకోవాలంటే నీ జీతంలో పావు వంతు పోవాలి! పేద దేశాల కాలేజీలు అలాంటి పత్రికలన్నీ ఉచితంగా చదువుకునే పథకం మనకు ఉండనే ఉంది. కానీ నువ్వున్నప్పటి పద్ధతే ఇంకా నడుస్తోంది. కాలేజీ మొత్తానికి ఒకే పాస్‌వర్డు, అది ఆయనకు తప్ప ఇంకొకరికి తెలియదు. సోమవారం పదింటికి నా లైబ్రరీకి వచ్చి, నన్ను అటు తిరగమని, తానే కొట్టి వెళతాడు. పదకొండుకు మళ్లీ వచ్చి మూసేస్తాడు. చిన్న చిన్న ఆసుపత్రుల నుంచి వారమంతా వచ్చిన చీటీలు ముందేసుకుని, ఆ గంటలో ఎన్ని వ్యాసాలు తీయగలనో అన్ని తీసి పోస్టులో పంపుతాను. ఒక్కోసారి మిషన్లో కాగితం ఇరుక్కుంటుంది. ఆ వారం ఎవరి చీటీయో మిగిలిపోతుంది.

నీ వ్యాసం కూడా అలా ఒక సోమవారమే తీశాను. చదువుతూ చదువుతూ మోతాదుల పట్టిక దగ్గర ఆగిపోయాను. బదిలీ హడావిడిలో నువ్వు పాత రిజిస్టరు ఆయన గదిలో వదిలేసి, కొత్త నోటుబుక్కు నాకిచ్చి వెళ్లావు కదా. అందులో జ్వరానికిచ్చే సూది మందు పట్టికను అడ్డంగా కొట్టేసి, పక్కన ఎర్రసిరాతో రాశావు: పది కిలోల లోపు పిల్లలకు సగమే ఇవ్వాలి, పూర్తిగా ఇస్తే వినికిడి పోతోంది అని. ఆయన దొంగిలించింది పాత రిజిస్టరు. అచ్చేసింది పాత పట్టిక.

నిజం చెప్పొద్దూ, సంతోషం పట్టలేకపోయాను. ఇన్నాళ్లకు దొంగ దొరికాడు అనుకున్నాను. వచ్చే నెల కాలేజీ వార్షిక సభలో ఆయనకు ఉత్తమ పరిశోధకుడి బహుమతి ఇస్తున్నారు. ఆయన మెట్లెక్కి మైకు పట్టుకున్నాక, నేను లేచి నీ నోటుబుక్కు తెరిచి, "ఈ ఎర్రసిరా సంగతి చెప్పండి సార్" అని అడగాలి. ఆ ఒక్క మాట అద్దం ముందు ఎన్నిసార్లు వల్లెవేశానో! ఆయన ముఖం పాలిపోవడం, గుటకలు మింగడం, నీళ్ల గ్లాసు కోసం తడుముకోవడం అన్నీ ముందే చూసేశాను. కడుపు నిండిపోయేది. అందుకే నీకు కూడా చెప్పలేదు. నీది మెత్తటి మనసు, వద్దంటావని భయం.

ఇప్పుడు అసలు విషయం రాయాలి. దీనికోసమే ఇంతసేపూ కాఫీలనీ దగ్గులనీ సాగదీశాను.

నీ వ్యాసం కావాలని ఏడు ఆసుపత్రుల నుంచి చీటీలు వచ్చాయి. ఏడింటికీ నేనే పంపాను. పట్టిక తప్పని నాకు తెలుసు. "పది కిలోల లోపు సగమే" అని చిన్న కాగితం ముక్క జతచేస్తే సరిపోయేది. చేయలేదు. మరిచిపోయి కాదు, తెలిసే చేయలేదు. ముందే బయటపడితే సభలో చెప్పడానికి ఏం మిగలదనుకున్నాను. ఎంత ఎక్కువమంది చేతికి వెళితే ఆయన అంత పై నుంచి పడతాడనుకున్నాను. మందు ఇచ్చేవాళ్లు ఆ మాత్రం చూసుకోరా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వాళ్లు చూసుకోవడానికి ఇంకో పుస్తకం లేకే నాకు చీటీ రాశారని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

పదిహేను రోజుల క్రితం ఒక నర్సు ఫోను చేసింది. "మేడమ్, మీరు పంపిన కాగితంలో ఉన్నట్టే ఇచ్చామండీ. జ్వరం తగ్గింది. కానీ పిల్ల, పిలిస్తే ఇటు తిరగట్లేదు. రెండేళ్లదండీ, తొమ్మిది కిలోలు. దీనిమీద ఇంకో కాగితం ఏదన్నా ఉంటే పంపుతారా?"

మిగిలిన ఆరింటికీ అప్పటికప్పుడు ఫోన్లు చేశాను. అదృష్టం, అక్కడ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. తర్వాత నేరుగా ఆయన గదికి వెళ్లాను.

"పట్టిక తప్పు సార్. ఈ రోజే అందరికీ చెప్పాలి."

నేను ముందుపెట్టిన నీ నోటుబుక్కును ఆయన రెండు పేజీలు తిప్పాడు. "సభ అయిపోనివ్వండి, చూద్దాం. అచ్చులో ఒక తప్పు, అంతేగా."

"అచ్చుతప్పు కాదు సార్. ఒక పిల్లకు చెవులు పోయాయి."

"అలాగా. మరి, తప్పని తెలిసీ పంపిందెవరమ్మా?" అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాను. ఆయన్ని అలా నిలబెట్టాలని ఇన్ని నెలలు కాచుకున్నదాన్ని, నేనే నిలబడ్డాను.

ఆయన్ని అడగకుండానే, నీ పేరుతో సవరణ కాగితం అన్ని ఆసుపత్రులకూ పంపేశాను. మర్నాడే ఆయన పత్రికకు, తప్పు తానే కనిపెట్టినట్టు రాసుకున్నాడు. బహుమతి ఆయనకే వస్తుంది. నిజాయితీపరుడని ఇంకో రెండు చప్పట్లు కూడా పడతాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతోంది. నేను వదిలేశాననుకోకు. నీ నోటుబుక్కు ప్రతి పేజీ తేదీలతో సహా నకలు తీసి ఆ పత్రికవాళ్లకు పంపాను. ఆయన చేసింది రాశాను, నేను చేసింది కూడా రాశాను. నా ఉద్యోగం పోతే పోనీ, ఆయన కుర్చీ కాలు విరిగితే చాలు.

ఇక ఆ పిల్ల సంగతి. ఈ మందు చేసే చెడుపు బాగా తెలిసిన డాక్టరు ఎక్కడున్నాడో చెప్పమని, నర్సు తల్లీకూతుళ్లను నా దగ్గరికి పంపింది. నాకు తెలిసినవాడివి నువ్వొక్కడివే. వాళ్లిద్దరూ ఇప్పుడు నా బల్లకు ఎదురుగా కూర్చున్నారు. ఇందాక అటెండరు పుస్తకాల కట్ట దభాలున పడేస్తే తల్లి ఉలిక్కిపడింది. పిల్ల మాత్రం నా పెన్ను మూతతో ఆడుకుంటూనే ఉంది. "మీరు దారి చూపించారమ్మా" అని ఆవిడ రెండుసార్లు నా చేతులు పట్టుకుంది. చెప్పేద్దామని నోరు తెరిచి, పిల్ల ఏమన్నా తిందా అని అడిగాను.

ఆవిడకు చదవడం రాదు. ఈ ఉత్తరం అంటించి ఆవిడ చేతికే ఇచ్చి పంపుతున్నాను. ముందు పిల్లను చూడు, చేయగలిగింది చెయ్యి. తర్వాత ఆవిడను కూర్చోబెట్టి దీన్ని మొదటి నుంచీ చదివి వినిపించు. అక్కనని ఒక్క ముక్క కూడా మింగేయకు.

ఇట్లు,
మీ అక్క