ఏరు ఆరేసుకున్న గడ్డి

అక్కా,

మేమిద్దరం బాగున్నాం, ఇల్లులాంటి మా బండీ బాగుంది. సెలవులకి మీరంతా వస్తే ఎక్కడ మకాం పెట్టాలా అని చోట్లు చూస్తున్నాం. చెరువు పక్కన నీళ్లు అద్దంలా ఉన్నాయి గానీ, దోమలు మనిషిని ఎత్తుకుపోయేలా ఉన్నాయి. అందుకని ఏటి ఒడ్డుకొచ్చి, నీళ్లకి నాలుగడుగుల దూరంలో బండి ఆపాం. ఇంత మంచి చోటు మనకే మిగిలిందని మీ మరిది ఒకటే మురిసిపోయాడు.

నేను చెట్టుకి తాడు కట్టి బట్టలు ఆరేస్తుంటే, నా తలకంటే ఎత్తున కొమ్మల్లో ఎండుగడ్డి చిక్కుకుని కనిపించింది. పిట్టగూడేమో అనుకున్నాను. మరి చుట్టూ ఉన్న ప్రతి చెట్టుకీ అదే ఎత్తున ఉందేమిటి? గట్టు పైన బండి ఆపుకున్న పెద్దావిడని అడిగితే నవ్వింది.

"పిట్టలది కాదమ్మా. పోయిన వానల్లో ఏరు ఆరేసుకుని పోయింది. ఇప్పుడు మీరు ఆరేసుకుంటున్నారు" అంది.

మీ మరిది వెంటనే బండి తాళం చెవి అందుకున్నాడు. ఇప్పుడు మేమూ గట్టు మీదే ఉన్నాం.

నాన్న మోకాలు ఎలా ఉంది? ఇక్కడికి కాస్త ఎక్కాలి. ఏరు కనిపించే కిటికీ ఆయనదేనని చెప్పు. వచ్చేటప్పుడు బట్టల క్లిప్పులూ, ఓ పాత దుప్పటీ తీసుకురా. నాన్నకి నమస్కారాలు, బుజ్జిదానికి ముద్దులు. ఏరు మన గుమ్మం దాకా వస్తుందా పిన్నీ అని అడిగిందిగా, వస్తుందనే చెప్పు. అందుకే మనం కాస్త ఎడంగా ఉండి, దాని గుమ్మానికి మనమే వెళ్లొస్తుంటాం.

నీ చెల్లి